కుక్కను అడిగేది ఒకరు, చూసేది ఇంకొకరు

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మొన్నొక మెసేజ్ వచ్చింది. "లాబ్రడార్, మగ, ఆరేళ్ళు. వ్యాక్సిన్లన్నీ వేయించాం. పిల్లలతో చాలా బాగుంటుంది. ప్రేమగా చూసుకునేవాళ్ళుంటే ఉచితంగా ఇస్తాం. కారణం: పాపకి అలర్జీ." కింద బంతి నోట కరుచుకున్న కుక్క ఫొటో. కాసేపటికే తిట్లు మొదలయ్యాయి. ఆరేళ్ళు లేని అలర్జీ ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడిందని ఒకరు, అలాగైతే పాపనే ఎవరికైనా ఇచ్చెయ్యకపోయారా అని ఇంకొకరు. సాయంత్రానికి ఆ మెసేజ్ డిలీట్ అయిపోయింది.

నేనూ మరికొందరు స్నేహితులూ కలిసి హైదరాబాదులో కుక్కలకి ఇళ్ళు వెతికిపెడుతుంటాం. అందుకని ఆ మెసేజ్ పెట్టినావిడకి ఫోన్ చేశాను. ముందు అలర్జీ గురించే చెప్పారు. "రోజూ ఎన్నింటికి బయట తిప్పుతారండీ?" అని అడిగాను, కొత్తగా తీసుకునేవాళ్ళకి చెప్పాలి కాబట్టి. కాసేపు ఆగి, "మా అత్తయ్యగారు తిప్పేవారండీ, పొద్దున్నే ఐదున్నరకీ రాత్రి తొమ్మిదికీ. ఆవిడకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది" అన్నారు. పాప తుమ్ములు అబద్ధమేం కాదు. కానీ అవి ఎప్పట్నుంచో ఉన్నాయి, మాత్రతో తగ్గుతున్నాయి. అత్తగారు మంచం పట్టాకే ఆ ఇంట్లో కుక్క సమస్యగా కనిపించింది. అసలు కుక్కని తెచ్చిందెవరని అడిగితే, కొడుకు టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడని వాళ్ళాయన కొనిచ్చారట. ఆ అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు.

నేను చాలా రోజులుగా అనుకుంటున్నదాన్ని ఆ ఇల్లు మళ్ళీ చూపించింది. కుక్కను ఇచ్చేసేవాళ్ళు చెప్పే కారణాలు రకరకాలు: అలర్జీ, ట్రాన్స్‌ఫర్, అపార్ట్‌మెంట్ కమిటీ, కొత్తగా పుట్టిన బిడ్డ, ఖర్చు. వాటిలో అబద్ధాలు తక్కువే. కానీ ఆ కారణాలు బరువయ్యేది ఒక రకం ఇళ్ళలోనే. కుక్క కావాలని అడిగిన మనిషి వేరు, దాన్ని రోజూ చూసుకునే మనిషి వేరు అయిన ఇళ్ళలో. అడిగినవాళ్ళకి చాకిరీ తెలియదు. చాకిరీ చేసేవాళ్ళని ఎవరూ అడగలేదు. చేసే మనిషికి ఓపిక పోయిన రోజున, ఆ పని తనదనుకునేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ ఉండరు. అలర్జీ ఎప్పుడూ ఉన్నదే, ఆ రోజు దానికి మాటసాయం దొరుకుతుంది, అంతే.

చాలా ఇళ్ళలో ఆ చేసే మనిషి ఆడమనిషి. తల్లి, కోడలు, అత్తగారు, కొన్ని ఇళ్ళలో పనమ్మాయి. పిల్లల పుట్టినరోజుకి కుక్కపిల్లని బుట్టలో పెట్టి తెచ్చే నాన్నలు చాలామంది కనిపిస్తారు. అది రాత్రి రెండింటికి వాంతి చేసుకుంటే లేచి తుడిచేది ఎక్కువగా అమ్మ. ఇచ్చేద్దాం అని ముందుగా నోరు తెరిచేది కూడా అమ్మే కాబట్టి జాలి లేనిదనే పేరు ఆమెకే వస్తుంది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

బొద్దుపిల్ల పెద్దదయ్యాక

మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ముసలి కుక్కల గురించి కాదు. ఎనిమిది నెలలకీ రెండేళ్ళకీ మధ్యనున్న వాటి గురించి. పిల్లగా ఉన్నప్పుడు ఇంట్లో ప్రతివాళ్ళూ ఎత్తుకున్నదే. ఆ వయసు వచ్చేసరికి అది ముప్పై కిలోలుంటుంది, బెల్టు పట్టుకున్న మనిషిని లాక్కుపోతుంది, చెప్పులు, సోఫా, స్విచ్ బోర్డు వైర్లు దేన్నీ వదలదు. మనుషుల్లో పదహారేళ్ళ పిల్లాడికున్నంత బలం, నాలుగేళ్ళ పిల్లాడికున్నంత తెలివిడి. ఎక్కడ ఒంటికి పోసుకోవాలో, ఎవరి మీదికి ఎగరకూడదో నేర్పడానికి ఎవరూ కూర్చోలేదు, ఎందుకంటే అది ఎవరి పనీ కాదు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. 1990లలో అమెరికాలో 12 షెల్టర్లలో, కుక్కల్ని తెచ్చి వదిలిన వాళ్ళతో మాట్లాడి ఒక పెద్ద అధ్యయనం చేశారు. వచ్చిన కుక్కల్లో దాదాపు సగం అయిదు నెలల నుంచి మూడేళ్ళ లోపువి. చాలా వాటికి ఏ శిక్షణా లేదు. ఎక్కువమంది చెప్పిన కారణం ఇల్లు మారడం. ఇల్లు మారడం కారణమే కాదని నేననను. కానీ అక్కడ ఇల్లు మారిన ప్రతివాళ్ళూ కుక్కని వదిలెయ్యలేదు కదా. మారినా తీసుకెళ్ళినవాళ్ళకీ వదిలేసినవాళ్ళకీ ఉన్న తేడా ఏమిటన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

మన దగ్గర ఇలాంటి లెక్క కట్టినవాళ్ళు నాకు కనబడలేదు. నాకు కనిపించే క్యాలెండరు మాత్రం ఒకటుంది. ఏప్రిల్ చివర బడులు మూసేస్తారు. పిల్లలు వీధిలో ఈనిన కుక్క దగ్గర్నుంచి నెల కూడా నిండని పిల్లని ఇంటికి తెస్తారు, లేదా మారాం చేసి కొనిపిస్తారు. ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లల్ని అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నిబంధనల్లో ఉంది, అడిగే నాథుడు లేడు. సెలవులంతా దానితోనే ఆట. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. పొద్దున్నే టిఫిన్లు, బాక్సులు, యూనిఫారాల హడావుడిలో, వంటింట్లో కాళ్ళకి అడ్డం పడుతూ మూత్రం పోసే కుక్కపిల్ల ఒకటి. జూన్ నెలాఖరుకి మాకు ఫోన్లు మొదలవుతాయి. వీధిలోంచి తెచ్చిన పిల్లనైతే ఫోన్ కూడా చెయ్యరు, తెచ్చిన చోటే వదిలేస్తారు. ఆ వీధి కుక్కలు దాన్ని రానివ్వవు, బండ్లు చూసి తప్పుకోవడం దానికి రాదు.

జాతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2003లో పగ్ కుక్కతో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక ఆ జాతి కోసం జనం ఎగబడ్డారు. ఆ చప్పిడి ముక్కుతో అది ఎండలో ఊపిరి తీసుకోలేదని, కళ్ళూ చర్మపు మడతలూ రోజూ తుడుస్తుండాలని ప్రకటనలో చెప్పరు. ఇప్పుడు హస్కీల కాలం. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి, ఒంటిమీద రెండు పొరల బొచ్చు. మే నెలలో 42 డిగ్రీల హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెడితే రోజంతా ఏసీ వెయ్యాలి, దాని కాళ్ళలో ఉన్న పరుగు ఎక్కడ పరిగెత్తాలో తెలియక అరుస్తుంది, తలుపులు గీరుతుంది. హస్కీని ఇచ్చేస్తామని ఫోన్ చేసిన ఒక కుర్రాడు, "మేమిద్దరం ఆఫీసుకెళ్తే అది ఎనిమిది గంటలు ఒక్కతే ఉంటోంది ఆంటీ, పక్క ఫ్లాట్ వాళ్ళు రోజూ గొడవ. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టట్లేదు" అన్నాడు. అతని మాటలో బాధ ఉంది. ఆ కుక్కని కోరుకున్నది కూడా అతనే, చూస్తున్నది కూడా అతనే. కాబట్టి నా లెక్కకి లొంగని కేసులు కూడా ఉన్నాయి. తెలియక తెచ్చుకోవడం వేరు, తెలిసీ ఇంకొకరి నెత్తిన పెట్టడం వేరు.

"ఫామ్‌హౌస్‌కి ఇచ్చేశాం"

హైదరాబాదులో కుక్కని వదిలించుకున్నవాళ్ళు చెప్పే మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇది. "మొయినాబాద్ దగ్గర మా ఫ్రెండ్ ఫామ్‌హౌస్ ఉంది, అక్కడికి పంపేశాం. హాయిగా పరిగెడుతుంది." పిల్లలకి కూడా ఇదే చెబుతారు. శంకర్‌పల్లి, చేవెళ్ళ, షాద్‌నగర్ వైపు అలాంటి తోటలు కొన్ని నేను చూశాను. యజమాని ఆదివారాలు వస్తాడు, కొన్ని ఆదివారాలు రాడు. మిగతా రోజులు కాపలా మనిషి, అతని కుటుంబం. అతని జీతంలో కుక్క తిండి లేదు, అతని పనుల్లో కుక్క లేదు. గేటు పక్కన గొలుసుతో కట్టేస్తాడు, ఎందుకంటే వదిలితే పక్క ఊళ్ళో కోళ్ళని పడుతుంది, ఆ తగాదా అతని మీదికే వస్తుంది. ఉన్నప్పుడు ఇంత అన్నం వేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

సోఫా మీద పడుకున్న కుక్కకి అక్కడ ఎదురయ్యేవి గోమార్లు, పాములు, ఎండ. గోమార్ల జ్వరం మన వాతావరణంలో చాలా మామూలు. మొదట్లో పట్టుకుంటే మందులతో తగ్గుతుంది, కానీ అది తినడం మానేసిందని గమనించే మనిషి ఉండాలి కదా. శంకర్‌పల్లి వైపు ఒక తోటలో చూసిన గోల్డెన్ రిట్రీవర్ బొచ్చు అట్టకట్టి, చెవుల నిండా గోమార్లతో ఉంది. నేను దగ్గరికెళ్తే షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ఎవరో ఎప్పుడో దానికి నేర్పారు. దాని పేరేంటని అడిగితే కాపలా మనిషి భార్య, "పేరేం చెప్పలేదమ్మా, తెచ్చి దింపి పోయిన్రు" అంది.

నేను వాదిస్తున్నదానికి ఫామ్‌హౌస్‌ని మించిన ఉదాహరణ లేదు. చూసే పనిని మళ్ళీ ఇంకో అడగని మనిషి మీద పెట్టడం. ఇంట్లో అత్తగారి మీద ఉన్న బరువు తోటలో కాపలా మనిషి మీదికి పోతుంది. మంచి తోటలు లేవని కాదు. అక్కడే కాపురముండి వ్యవసాయం చేసుకునే మనిషి తనకి కుక్క కావాలని అడిగితే నేను సంతోషంగా ఇస్తాను.

అమెరికా

మన తెలుగువాళ్ళ విషయంలో ఈ కారణాన్ని విడిగా చెప్పుకోవాలి. వీసా వచ్చింది, నెలన్నరలో ప్రయాణం, కుక్కని ఎవరైనా తీసుకోండి అని మెసేజ్. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు ఇంకా బిగిశాయి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి, ఇక్కడ టీకాలు వేయించిన కుక్కకి ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, అక్కడివాళ్ళు ఒప్పుకున్న ల్యాబులో రక్తపరీక్ష చేయించాలి, దిగే ఎయిర్‌పోర్టులో గుర్తింపు ఉన్న కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. పరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్. ఖర్చు లక్షల్లోకి పోతుంది, సమయం నెలల్లో పడుతుంది. నెలన్నరలో వెళ్ళేవాళ్ళకి ఇది అయ్యే పని కాదు.

అయితే ఏం చేస్తారు? గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్తారు. డెబ్భై ఏళ్ళ నాన్న, బీపీ, షుగరు, చేతిలో రెండేళ్ళ జర్మన్ షెపర్డ్. మనవడి మీద ఉన్న ప్రేమని ఆ కుక్క మీద చూపించే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. వీడియో కాల్‌లో మనవడు ముందు కుక్కనే చూపించమంటాడని ఒక పెద్దాయన మురిసిపోతూ చెప్పారు. అలాంటిచోట నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఆయన ఒప్పుకున్నాక తెచ్చారా, తెచ్చాక ఒప్పించారా అన్నది తేడా. ఆయన జారిపడి తుంటి ఎముక విరిగితే ఏమిటన్నది ఎవరూ మాట్లాడుకోరు.

నాకు తెలిసిన ఒక జంట మాత్రం ప్రయాణాన్ని రెండుగా చేసుకుంది. ఆయన ముందు వెళ్ళాడు, ఆవిడ కుక్క పరీక్షలు, కాగితాలు అయ్యేదాకా ఆగి తర్వాత వెళ్ళింది. వాళ్ళు కలవారేం కాదు, అప్పు చేశారు. ఆ ఇంట్లో కుక్క ఇద్దరిదీ. పొద్దున ఆయన తిప్పేవాడు, రాత్రి ఆవిడ. వెళ్ళాలా వద్దా అనుకున్న మొదటిరోజే "మరి దీని సంగతి?" అని ఇద్దరూ అనుకున్నారట.

కమిటీలు, అద్దె ఇళ్ళు, బిడ్డలు

అపార్ట్‌మెంట్ కమిటీ ఒప్పుకోవట్లేదని ఇచ్చేసేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మెజారిటీ తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు ఎక్కనివ్వం అనడం కూడా కుదరదు. ఈ కాగితం ప్రింటు తీసి సెక్రటరీ చేతిలో పెడితే చాలాచోట్ల గొడవ సద్దుమణిగింది. అద్దె ఇంటి యజమాని వద్దంటే మాత్రం నిజంగా చిక్కే. కుక్కతో ఇల్లు వెతకడం ఈ ఊళ్ళో ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు.

2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు జాతుల్ని ప్రమాదకరమైనవని చెప్పి, వాటి అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకి లేఖ రాసినప్పుడు మాకు రాట్‌వీలర్ల ఫోన్లు వరసగా వచ్చాయి. ఇప్పటికే పెంచుకుంటున్నవాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని మాత్రమే అందులో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసింది కూడా. ఇదంతా చదివి ఆగినవాళ్ళు ఆగారు. వదిలించుకోవడానికి ఒక మాట దొరికినవాళ్ళు ఆగలేదు.

బిడ్డ కడుపులో పడ్డాక కుక్కని పంపించెయ్యమనే పెద్దలకి భయాలు చాలా. కుక్క వెంట్రుక కడుపులోకి పోతుందంటారు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పేరు ఎక్కడో విని కుక్కకి అంటగడతారు, నిజానికి దాన్ని మలం ద్వారా పరిసరాల్లోకి వదిలే జంతువు పిల్లి. పురుగుల మందు, టీకాలు సరిగ్గా ఉంటే సరిపోతుందని డాక్టరు చెప్పినా ఇంట్లో వాళ్ళ మాటే నెగ్గుతుంది. ఇక్కడ నాకు కోపం కన్నా జాలే ఎక్కువ. నెలలు నిండుతున్న అమ్మాయికి కుక్కని చూసే ఓపిక నిజంగానే ఉండదు. ఆ కొన్నాళ్ళు భర్త చూస్తాడా అని అడిగితే, ఫోన్‌లో అవతల చాలాసేపు ఏమీ వినిపించదు.

ఇచ్చేయడమే సరైనప్పుడు

ఇంత చెప్పాక నా ఎదురుగానే నిలబడే కొన్ని సందర్భాలున్నాయి. కుక్క ఇంట్లో పసిబిడ్డని కరిస్తే, ఆ బిడ్డ ముఖానికి కుట్లు పడితే, ఆ తల్లితో నేను వాదించను. భర్త పోయి, పుట్టింటికి చేరిన ఆవిడ తన కుక్కని ఇస్తూ ఏడ్చినప్పుడు అడగడానికి నా దగ్గర ప్రశ్నలేం లేవు. క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషి, ఉద్యోగం పోయి ఊరికి వెళ్ళిపోతున్న మనిషి... వీళ్ళు కుక్కని వదిలెయ్యట్లేదు, దాని బతుకు చూసి మరీ వెళ్తున్నారు.

అందుకే వాట్సాప్ గ్రూపుల్లో ఆ తిట్ల మీద నాకు ఇంత పట్టింపు. తిట్టేవాళ్ళ ప్రేమని శంకించను. కానీ తిట్టు తిన్న మనిషి రెండోసారి మెసేజ్ పెట్టడు. రాత్రి పన్నెండుకి ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డులో కారు ఆపి, వెనక తలుపు తెరుస్తాడు. ఆ పని చేసినవాడిని ఎవరూ తిట్టరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. పెంచుకున్న జంతువుని అలా ఆకలికి వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. చట్టం ఆపలేని ఆ మనిషిని ఆపగలిగేది, ఫోన్ ఎత్తి మర్యాదగా మాట్లాడే ఇంకో మనిషి. అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థవాళ్ళు 2015లో అచ్చువేసిన సర్వేలో, తక్కువ ఆదాయమున్న ఇళ్ళవాళ్ళు తమ జంతువుని ఉంచుకోవడానికి ఏ సాయం పనికొచ్చేదంటే చవకైన వైద్యం, శిక్షణ వంటివి చెప్పారు. మనదగ్గర నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉందని కూడా తెలియని వాళ్ళు ఉన్నారు. ఆరంభంలో చెప్పిన ఆ లాబ్రడార్ ఇంటికి కావలసింది కొత్త యజమాని కాదు, పొద్దునా రాత్రీ తిప్పే మనిషి. వాళ్ళ వీధిలోనే ఒక డిగ్రీ కుర్రాడు నెలకింత అని మాట్లాడుకుని తిప్పుతున్నాడు. ప్రస్తుతానికి కుక్క అక్కడే ఉంది. అత్తగారు నడవడం మొదలుపెట్టారు. ఆ ఏర్పాటు ఎన్నాళ్ళుంటుందో నేను హామీ ఇవ్వలేను.

మరి ఇచ్చేటప్పుడు

ఇప్పుడు మేం కుక్కని ఎవరికైనా ఇచ్చేముందు ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వెళ్తాం. కుక్క ఎవరికి కావాలి అని అడగం. పొద్దున ఎవరు తిప్పుతారు, ఊరెళ్తే ఎవరి దగ్గర ఉంచుతారు, ఆ మనిషికి చేతకాకపోతే రెండో మనిషి ఎవరు అని అడుగుతాం. జవాబు చెప్పే గొంతు ఎవరిదో వింటాం. భర్త చెబుతుంటే భార్య వంటింట్లోకి వెళ్ళిపోయిందంటే ఆ రోజుకి కుక్కని ఇవ్వం. ఇంత గుచ్చి గుచ్చి అడిగితే జనం విసుగెత్తి డబ్బులు పెట్టి కొనుక్కుంటారని మా వాళ్ళే అంటారు. అది నిజం. మేం కాదన్న ఒకాయన వారం తిరక్కుండా కుక్కపిల్లని కొని ఫొటో పెట్టాడు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

బ్రహ్మచారులకి కుక్కని ఇవ్వకూడదని చాలా గ్రూపుల్లో నియమం. నేను ఒప్పుకోను. ఒంటరి మనిషి ఇంట్లో అడిగేదీ చూసేదీ ఒక్కరే. ఉద్యోగం మారితే ఏమిటన్నది ఒక్కటే అడగాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర ఒక నల్ల కుక్క ఉంది. ఆయనకి రెండు గదుల ఇల్లు, రెక్కాడితేనే డొక్కాడే బతుకు. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో బట్టలు లేక బండి మూలపడ్డప్పుడు కూడా ఆ కుక్క ఆయన దగ్గరే ఉంది. వీధికుక్కల్ని పట్టే మునిసిపాలిటీ బండి వచ్చిన ప్రతిసారీ దాని చెవి కత్తిరింపు చూపించి, ఆపరేషన్, టీకాలు అయ్యాయని ఆయనే చెప్పి పంపిస్తాడు. కుక్కని ఉంచుకోవడానికి డబ్బు ముఖ్యమనే వాదన దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోయేది ఆయన వల్లే.

కుక్కను ఇచ్చెయ్యక తప్పనివాళ్ళు ఇది చదువుతుంటే, మెసేజ్‌లో అలర్జీ అని రాసి ఊరుకోకండి. అది ఎన్నింటికి తింటుంది, దీపావళి టపాసులకి ఎక్కడ దాక్కుంటుంది, ఇన్నాళ్ళూ దాన్ని ఎవరు చూశారు, ఇప్పుడు ఎందుకు చూడలేకపోతున్నారు, ఉన్నదున్నట్టు రాయండి. కనీసం రెండు నెలల గడువు పెట్టండి. ఎవరినైనా కరిచి ఉంటే, ఎప్పుడు, ఎందుకు కరిచిందో కూడా రాయండి.